ఓడలరేవు ఎర్ర గింజలు, పంగిడి నల్లరాయి: రెండూ ఎలా పుట్టాయి?

లంకపొలం (చర్చ మొదలు)

అంతర్వేది, ఓడలరేవు ఒడ్డున అల వెనక్కి తీసినప్పుడు నల్ల చారలు, వాటి అంచున ఎర్రటి పొడి కనిపిస్తాయి కదండి. ఇటు రాజమండ్రి పక్కన కాతేరులో, గోదావరి దాటితే పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి, అంటే బసాల్ట్ (గడ్డకట్టిన లావా) ఉంది. డెల్టా లోపల ఎంత తవ్వినా ఒండ్రే గాని రాయి తగలదు. కాబట్టి మన వైపు డిగ్రీ పిల్లలకి అగ్నిశిలలు (కరిగిన ద్రవం గడ్డకట్టినవి), రూపాంతర శిలలు (వేడి, ఒత్తిడికి రూపం మారినవి) చెప్పడానికి ఈ ఇసుకనీ, ఈ క్వారీలనీ పాఠంగా వాడుకోవచ్చా అన్నది ప్రశ్న. ముందుగా మూడు సందేహాలు తీర్చండి.

ఒడ్డున కనిపించే నల్ల ఇసుక నల్లరాయి అరిగి వచ్చిందేనా? పంగిడి దగ్గరి లావా అక్కడే భూమిలోంచి పైకి వచ్చిందా? ఏజెన్సీ కొండల్లోని ఖోండలైట్ అనే రాయిని అగ్నిశిల కాదు, రూపాంతర శిలే అని చూపించే ఆనవాలు ఏది?

పాపికొండరాయి

మొదటి ప్రశ్నకి జవాబు: చాలా మటుకు కాదండి. పొరపాటు అక్కడే మొదలవుతుంది. రంగు కలిసింది కదా అని నల్ల ఇసుకనీ నల్లరాయినీ తల్లీబిడ్డలుగా కలిపేస్తారు.

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. దాని పరివాహక ప్రాంతంలో సగానికి దగ్గరగా డెక్కన్ బసాల్టే. అంత బసాల్ట్ మీదుగా వచ్చిన నది ఒడ్డున బసాల్ట్ ఇసుకే పేరుకోవాలి అనిపిస్తుంది. కానీ బసాల్ట్‌లో ఉన్నవి సన్నటి ప్లేజియోక్లేజ్, ఆగైట్, ఇనుము-టైటానియం ఆక్సైడ్, కొంత గాజు, ఒక్కోచోట ఆలివిన్. వేడి, వాన ఉన్న చోట ఇవి త్వరగా కుళ్ళి స్మెక్టైట్ బంకమన్నుగా మారతాయి. ఆ బంకమన్ను వరద నీళ్ళలో తేలుతూ వస్తుంది. ఎండితే నెర్రెలిచ్చి తడిస్తే ఉబ్బే మన నల్లమట్టిలో ఎక్కువ పాలు దానిదే.

ఇసుకగా మిగిలేది గట్టి ఖనిజం. గార్నెట్ (ఎర్ర గింజ ఇదే), సిలిమనైట్, జిర్కాన్, ఇల్మనైట్ (నల్ల గింజ) ఎక్కువగా తూర్పు కనుమల నుంచి, శబరి, ఇంద్రావతి, ఇంకా చిన్నా చితకా వాగుల దారిన వస్తాయి. అంటే మన వరి చేలో మట్టి అగ్నిశిల వైపుది, ఒడ్డున ఎర్రగా మెరిసే గింజ రూపాంతర శిల వైపుది. మాగ్నటైట్‌కి మాత్రం రెండు పుట్టిళ్ళూ ఉన్నాయి. ఆగైట్ గింజలు కూడా కొన్ని దొరుకుతాయి, అవి డెక్కన్ వైపు నుంచి తట్టుకుని వచ్చినవి. పాఠం ఇక్కడి నుంచి మొదలుపెడితే పిల్లలకి రెండు శిలా కుటుంబాలూ ఒకే చోట దొరుకుతాయి.

గౌతమిగట్టు

పై మాటను కళ్ళతో చూపించడానికి ఇసుకను విడదీసే పద్ధతి రాస్తున్నాను. ఖర్చు పెద్దగా ఉండదు.

పై పొర వదిలేసి, 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతులోంచి కిలో ఇసుక తీయండి. పై పొరను గాలి అప్పటికే ఏరేసి ఉంటుంది కాబట్టి అక్కడ తీస్తే పాళ్ళు తప్పుతాయి. మంచినీళ్ళతో మూడు నాలుగు సార్లు కడగండి. ఉప్పు మిగిలితే ఆరాక గింజలు ఒకదానికొకటి అంటుకుని, అయస్కాంతానికి క్వార్ట్జ్ కూడా లాక్కొస్తుంది. పూర్తిగా ఆరబెట్టి అర మిల్లీమీటరు జల్లెడ పట్టండి. వెడల్పాటి బేసిన్‌లో నీళ్ళు పోసి తిప్పుతూ వంచితే తేలికది ముందు పోతుంది. క్వార్ట్జ్ సాంద్రత 2.65, సిలిమనైట్ సుమారు 3.2, గార్నెట్ 4 పైన, ఇల్మనైట్ 4.7, మాగ్నటైట్ 5.2. సిలిమనైట్ మధ్యలో ఉంటుంది కాబట్టి తొందరపడితే క్వార్ట్జ్‌తో పాటు అదీ కొట్టుకుపోతుంది. ఎక్కువ మంది పోగొట్టుకునేది దాన్నే.

తర్వాత మామూలు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, పొడి ఇసుకకి ఒక సెంటీమీటరు పైన తిప్పండి. ఎగిరి అంటుకునేది మాగ్నటైట్. కవర్ లోంచి అయస్కాంతం తీసేస్తే అది రాలిపోతుంది. ఆ తర్వాత నియోడిమియం అయస్కాంతం ఆనించి తిప్పితే ఇల్మనైట్, ఇంకా గట్టిగా ఆనిస్తే గార్నెట్ వస్తాయి. మిగిలిందాంట్లో సిలిమనైట్, జిర్కాన్, మోనజైట్ ఉంటాయి. ఇంకా శుభ్రంగా విడదీయాలంటే 2.89 సాంద్రత ఉన్న బ్రోమోఫామ్ వాడతారు. దాని ఆవిరి విషం, ఫ్యూమ్ కబోర్డ్ (ఆవిరిని బయటికి లాగే పెట్టె) లేని గదిలో సీసా మూత కూడా తీయకండి. సోడియం పాలీటంగ్‌స్టేట్ ద్రావణం నీళ్ళతో కలిసేది, ధర ఎక్కువైనా కాలేజీకి అదే మేలు.

ఒక హెచ్చరిక. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, ప్రభుత్వం దాన్ని అణు ఖనిజాల జాబితాలో పెట్టింది. ఒక పరీక్షకి చాలినంత తీసుకోండి, సంచులకెత్తకండి.

కంకరమేస్త్రి

రెండో ప్రశ్న మీద చర్చ రావాలండి. పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు రాయి చూస్తే రెండు పెద్ద లావా దొంతర్లు, మధ్యలో సున్నపురాయి, మట్టి పొరలు. కాతేరు వైపూ అదే వరస. అంత లావా వచ్చిన చోట నోరు ఉండాలి గదా?

పాపికొండరాయి

నోరు ఇక్కడ కనిపించలేదండి, లావాకి దారి వేసే డైకుల (పగుళ్ళలో గడ్డకట్టిన రాతి గోడల) గుంపులు కూడా లేవు. రాజమండ్రి ట్రాప్స్ (ఈ పంగిడి, కాతేరు లావాల పేరు) అనేవి ప్రధాన డెక్కన్ అంచుకి వందల కిలోమీటర్ల దూరంలో విడిగా పడి ఉన్నాయి. అయినా వాటి రసాయనం చూస్తే పడమటి కనుమల్లోని అంబెనలి, మహాబలేశ్వర్ ఫార్మేషన్లతో (లావా దొంతర్ల వరసలతో) సరిపోతుంది. అడుగు ప్రవాహం అయస్కాంత ధ్రువాలు తలకిందులైన కాలానిది, పైది మామూలు కాలానిది. ఆ క్రమం కూడా అక్కడి వరసకి అతుకుతుంది. కాబట్టి పాత నదీలోయల దారిన పడమటి నుంచి పారి వచ్చిందనేదే ఇప్పుడు ఎక్కువ మంది ఒప్పుకునే మాట. మహాబలేశ్వర్ నుంచి రాజమండ్రికి సూటిగా కొలిచినా 850 కిలోమీటర్లు దాటుతుంది. లోయల వంకరలు కలిపితే భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి చేరతాయి.

దుద్దుకూరులో అడుగు ప్రవాహం కింద సముద్రపు గవ్వలున్న సున్నపురాయి, దాని కింద తిరుపతి ఇసుకరాయి ఉన్నాయి. పైన రాజమండ్రి ఇసుకరాయి కప్పింది. రెండు ప్రవాహాల మధ్య పొరల్లో ఆల్చిప్పలతో పాటు సూక్ష్మమైన ఫొరామినిఫెరా (ఏకకణ జీవుల పెంకులు) దొరికాయి. గెర్టా కెల్లర్ బృందం 2008లో వాటిని పరిశీలించి, అడుగు ప్రవాహం డైనోసార్లు అంతరించిన సరిహద్దుకి దగ్గరగా ముగిసిందని చెప్పింది. వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్ళు. ఇవే లావాలు తీరం వైపు దిగిపోయి డెల్టా ఒండ్రు కింద కిలోమీటర్ల లోతున ఉన్నాయి. చమురు బావుల్లో తగిలే ఆ భాగానికి రాజోలు ఫార్మేషన్ అని పేరు. కోనసీమలో రాయి లేదనుకోకండి, మనకి అందనంత లోతున ఉంది.

సన్నచీలిక

అంత దూరం గడ్డకట్టకుండా ఎలా పారింది అన్నది పిల్లలు తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు లావా పైపెంకులో ఉంది. బసాల్ట్ సుమారు 1,150 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ దగ్గర బయటికొస్తుంది. ఉపరితలం కొద్దిసేపట్లోనే గట్టిపడుతుంది. రాయి వేడిని చాలా నెమ్మదిగా వదిలే పదార్థం కాబట్టి ఆ పెంకు కింద ద్రవం వేడి పోకుండా ముందుకి పోతుంది. లోపలికి కొత్త లావా వస్తున్న కొద్దీ పెంకు పైకి ఉబ్బుతుంది. మందం పెరిగేది ఒక్క ఊపున పారడం వల్ల కాదు, ఈ ఉబ్బడం వల్ల.

క్వారీ గోడలో దీన్ని చూపించాలంటే బుడగల వరస చూడాలి. పై భాగంలో బుడగలు దట్టంగా, పొరలు పొరలుగా ఉంటాయి. నడుమ భాగం గట్టిగా, బుడగలు లేకుండా, నిలువు పగుళ్ళతో ఉంటుంది. అడుగున మళ్ళీ సన్నటి బుడగల చారిక. నిలువు పగుళ్ళు చల్లబడి కుంచించుకున్నప్పుడు పడినవి, చల్లబడే ముఖానికి లంబంగా వస్తాయి. బుడగల్లో తెల్లగా నిండినవి జియోలైట్, కాల్సైట్, కాల్సెడొనీ. అవి లావాతో పుట్టినవి కావు. రాయి గట్టిపడ్డాక లోపలికి ఇంకిన నీళ్ళు తెచ్చి నింపినవి. ఒక చుక్క పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే కాల్సైట్ పొంగుతుంది, జియోలైట్ పొంగదు.

అసలు బసాల్ట్ కరిగింది ఎందుకంటే, వేడి పెరిగినందుకన్నా ఒత్తిడి తగ్గినందుకు అని గట్టిగా చెప్పాలి. భూమి పైపొర కింద ఉన్న మాంటిల్‌లోని పెరిడోటైట్ అనే రాయి పైకి లేచేకొద్దీ దాని వేడి పెద్దగా తగ్గదు, కరిగే ఉష్ణోగ్రత మాత్రం తగ్గుతూ పోతుంది. ఒక లోతు దగ్గర రెండూ కలుస్తాయి, అక్కడ కొద్ది శాతం కరుగుతుంది. రాయి మొత్తం కరగదు. కొద్దిగా కరిగినప్పుడు మొదట బయటికొచ్చే ద్రవం పెరిడోటైట్‌లా కాకుండా బసాల్ట్‌లా ఉండడానికి కారణం ఇదే. మాంటిల్ అంతా ద్రవంగా ఉందని రాసే గైడ్లు పిల్లల చేత అవతల పారేయించండి.

లంకపొలం

చాలా స్పష్టంగా ఉందండి. మరి మూడోది? ఖోండలైట్‌లోనూ క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఉన్నాయి, గ్రానైట్‌లోనూ ఉన్నాయి. గార్నెట్ గ్రానైట్‌లో కూడా ఒక్కోసారి వస్తుంది.

పాపికొండరాయి

సిలిమనైట్ పట్టుకోండి. దానితో పాటు గ్రాఫైట్ రేకులు. ఖోండ్ జనుల పేరు మీద 1902లో వాకర్ ఈ రాయికి పేరు పెట్టాడు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిలిమనైట్, గ్రాఫైట్ కలిసి ఉంటేనే ఆ పేరు సరిగ్గా వర్తిస్తుంది. ఇంత అల్యూమినా మిగిలిపోయిన రాయి బంకమన్ను నుంచి రావాలి. నీళ్ళలో పేరుకున్న బురదలో సోడియం, కాల్షియం కొట్టుకుపోయి అల్యూమినా మిగులుతుంది. గ్రాఫైట్ ఆ బురదలోని సేంద్రియ పదార్థానికి మిగిలిన ఆనవాలు అని ఎక్కువగా అనుకుంటారు.

అల్యూమినియం సిలికేట్ ఒకటే అయినా ఒత్తిడి, వేడిని బట్టి ఆండలూసైట్, కయనైట్, సిలిమనైట్ అని మూడు రూపాలు. మూడూ కలిసే బిందువు సుమారు 500 డిగ్రీలు, 4 కిలోబార్ల లోపు. ఎక్కువ వేడి వైపు సిలిమనైట్. మరింత వేడెక్కితే బయోటైట్ (నల్ల అభ్రకం), సిలిమనైట్, క్వార్ట్జ్ కలిసి గార్నెట్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, కొంత ద్రవాన్ని ఇస్తాయి. ఇక్కడే జాగ్రత్త. ఖోండలైట్ కూడా కొంత కరిగింది. కరిగిన భాగం తెల్ల చారలుగా గడ్డకట్టి ఉంటుంది. అందుకని 'కరిగితే అగ్నిశిల, కరగకపోతే రూపాంతర శిల' అని గీత గీయకండి. గీత అంత శుభ్రంగా ఉండదు, ఈ కొండల్లో అస్సలు ఉండదు.

తూర్పు కనుమల గ్రాన్యులైట్లు (ఖోండలైట్ లాంటి, బాగా వేడెక్కి మారిన రాళ్ళు) 800, 900 డిగ్రీల పైకి వేడెక్కాయి. విశాఖ ఏజెన్సీలో పాడేరు వైపు సాఫిరిన్ అనే ఖనిజం, క్వార్ట్జ్ పక్కపక్కనే ఉన్న రాళ్ళు ఇంకా ఎక్కువ వేడిని చెబుతాయి. మామూలు లెక్కలో లోతుకి వెళ్ళేకొద్దీ కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. 25 కిలోమీటర్ల లోతుకి 625 నుంచి 750 డిగ్రీలే వస్తాయి. మిగిలిన వేడి ఎక్కడిది? కిందినుంచి పైకొచ్చిన శిలాద్రవానిదో, పలచబడిన పొర కింది మాంటిల్‌దో అయి ఉండాలి. రూపాంతరం చెప్పేటప్పుడు అగ్నిశిల గురించి కూడా చెప్పక తప్పదన్నది ఇందుకే.

ఇంకొకటి. గోదావరికి ఉత్తరాన ఉన్న కొండలకి ప్రధాన రూపాంతరం సుమారు 95 నుంచి 100 కోట్ల ఏళ్ళ కిందటిది. గోదావరికి దక్షిణాన ఉన్న ఒంగోలు డొమైన్‌ది సుమారు 160 కోట్ల ఏళ్ళది. చూడటానికి ఒకేలాంటి రాళ్ళు, వయసులో ఇంత తేడా.

కంకరమేస్త్రి

'నల్లరాయి' అంటే క్రషర్ దగ్గర రెండు రాళ్ళు వస్తాయండి. ఒకటి బసాల్ట్, రెండోది చార్నకైట్. రెండూ నల్లగానే ఉంటాయి. పిల్లలకి తేడా చెప్పడం మర్చిపోకండి, మేస్త్రీలకి కూడా.

అప్పుడే పగలగొట్టిన ముఖం చూడాలి. చార్నకైట్ నూనె రాసినట్టు ఆకుపచ్చగా మెరుస్తుంది, గింజలు కంటికి స్పష్టంగా ఆనుతాయి, క్వార్ట్జ్ నీలం-బూడిద రంగులో ఉంటుంది. బసాల్ట్‌లో గింజ విడిగా ఆనదు, కంటికి క్వార్ట్జ్ దొరకదు, బుడగలుంటే ఇక అనుమానమే లేదు. ఎండకి వానకి ఆరుబయట పడి ఉన్న పాత ముఖం చూసి చెప్పకండి, రెండూ తుప్పు రంగులోకి మారిపోతాయి.

కాంక్రీటుకి గట్టి బసాల్ట్, చార్నకైట్ రెండూ మంచివే. 20 మిల్లీమీటర్ల మెటల్ తీసుకునేటప్పుడు బుడగల్లో తెల్ల పదార్థం నిండిన రాళ్ళు ఎక్కువుంటే ఆ లోడు వద్దనండి. జియోలైట్ నీళ్ళు పీలుస్తుంది. కాల్సెడొనీ, బసాల్ట్ గాజు సిమెంట్‌లోని క్షారంతో చర్య జరిపితే ఏళ్ళ తరబడి లోపలే ఉబ్బి, శ్లాబు మీద సాలెగూటి పగుళ్ళు వస్తాయి. అనుమానం ఉన్న క్వారీకి ఐఎస్ 2386 ఏడో భాగం పరీక్ష చేయించాలి. అరిగే ఉపరితలానికి వాడే కంకర ఇంపాక్ట్ వాల్యూ (దెబ్బకి ఎంత నలుగుతుందో చెప్పే అంకె) 30 శాతం లోపు ఉండాలని ఐఎస్ 383 చెబుతుంది. ఖోండలైట్‌ని కాంక్రీటులోకి తేకండి. ఫెల్డ్‌స్పార్ తెల్లసుద్దగా మారి, గార్నెట్ తుప్పు పట్టి, చేత్తో నలిపితే రాలుతుంది. చెక్కడానికి వీలుగా ఉంటుంది గనక కోణార్క్ గుడికి వాడారు, ఇప్పుడు సముద్రపు గాలికి అరిగిపోతున్నదీ అదే రాయి.

సన్నచీలిక

మెటల్ విషయంలో మేస్త్రిగారి మాట నిజమే. ఒక చిన్న చేర్పు: చార్నకైట్ అగ్నిశిలా, రూపాంతర శిలా అంటే రెండు రకాలూ ఉన్నాయి. హైపర్‌స్తీన్ అనే ఖనిజం ఉన్న గ్రానైట్ లాంటి రాయి అన్నదే నిర్వచనం. 1893లో థామస్ హాలండ్ దీన్ని వర్ణించి, కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధి మీది రాయి ఇదేనని ఆ పేరు పెట్టాడు. కొన్ని చోట్ల నీరు లేని శిలాద్రవం నుంచే హైపర్‌స్తీన్ స్ఫటికమైంది. కర్ణాటకలోని కబ్బాల్ దగ్గరలా కొన్ని చోట్ల బూడిద రంగు నైస్ (పట్టీలున్న రూపాంతర శిల) మధ్యలోనే మచ్చలు మచ్చలుగా నల్లబడి చార్నకైట్ అయింది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న ద్రవం ఎక్కి నీటిని తరిమితే బయోటైట్ నిలవలేక హైపర్‌స్తీన్‌గా మారింది. నైస్ పట్టీలు మచ్చలోకి కొనసాగుతుంటే అక్కడ రూపాంతరమే జరిగిందన్నమాట.

థిన్ సెక్షన్ (సూక్ష్మదర్శిని కింద చూడటానికి పలచగా అరగదీసిన రాతి పొర) ఎలా చేయాలి, ఎక్కడ చెడుతుంది అన్నది కూడా రాస్తున్నాను. 25 బై 40 మిల్లీమీటర్ల, 5 మిల్లీమీటర్ల మందం ముక్క కోయండి. మంచి బసాల్ట్‌కి నీళ్ళు సరిపోతాయి. బంకమన్ను పట్టిన బసాల్ట్‌కి మాత్రం నీళ్ళకు బదులు కిరోసిన్ వాడండి, నీళ్ళు తగిలితే స్మెక్టైట్ ఉబ్బి ముక్క నడుమ పగులుతుంది. కుళ్ళిన ఖోండలైట్‌కి ముందే పలచని ఎపాక్సీ పట్టించి గట్టిపరచాలి. గాజు పలక మీద సిలికాన్ కార్బైడ్ 220, 400, 600, 1000 నంబర్లు వరసగా. ప్రతి నంబరు తర్వాత ముక్కనీ పలకనీ చేతులనీ కడగాలి. 220 గింజ ఒక్కటి 1000 పలక మీద మిగిలితే అక్కడ గీత పడుతుంది, అది ఇక పోదు.

బాగా ఆరిన ముక్కని నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీతో గరుకు చేసిన గాజు పలకకి అంటించి, రాత్రంతా బరువు కింద పెట్టండి. తడి మిగిలితే బుడగలు వస్తాయి, చివర అరగదీసేటప్పుడు అక్కడే రాయి లేచిపోతుంది. తర్వాత ఒక మిల్లీమీటరు దాకా కోసి, 400తో 100 మైక్రాన్లు, 600తో 50, చివరగా 1000తో 30 మైక్రాన్లు. చేతి ఒత్తిడి ఒకవైపు పడితే ముక్క వాలుగా వస్తుంది కాబట్టి పలకని తిప్పుతూ ఎనిమిది అంకెలా గీయాలి.

మందం కొలిచేది కంటితోనే. క్రాస్ నికోల్స్ (సూక్ష్మదర్శినిలో ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు ధ్రువణ ఫిల్టర్లు) కింద క్వార్ట్జ్ పసుపుగా ఉంటే ఇంకా మందం ఉంది. బూడిద-తెలుపులోకి వస్తే 30 మైక్రాన్లు వచ్చినట్టు. బసాల్ట్‌లో క్వార్ట్జ్ లేదు గనక ప్లేజియోక్లేజ్ బూడిద-తెలుపు చూడండి. గార్నెట్ ఏ వైపు తిప్పినా నల్లగానే ఉంటుంది, అదే దాని గుర్తు. సిలిమనైట్ సన్నని సూదులుగా ఉండి, సమాంతరంగా ఆరిపోతుంది (సూది పొడవు ఫిల్టరు దిక్కుకి వచ్చినప్పుడు నల్లబడుతుంది), రంగు రెండో వరుస నీలం దాకా వెళ్తుంది. కయనైట్ ఏటవాలుగా ఆరుతుంది. హైపర్‌స్తీన్ సమాంతరంగా ఆరి, ఒక నికోల్ కింద గులాబీ-ఆకుపచ్చ రంగులు మారుస్తుంది. ఆగైట్ 40 డిగ్రీల పక్కన ఆరుతుంది. ఈ అయిదూ పట్టుకుంటే డెక్కన్ గింజనీ కనుమల గింజనీ వేరు చేయొచ్చు.

లంకపొలం

చివరగా ఒకటి అడుగుతానండి. గార్నెట్, బయోటైట్‌ల ఇనుము-మెగ్నీషియం పాళ్ళ లెక్కతో వేడి కడితే ఖోండలైట్‌కి ఎక్కువ సార్లు 600, 650 డిగ్రీలే వస్తున్నాయి. పైన 800, 900 దాటిందని చెప్పారు. లెక్క ఎక్కడ తప్పుతోంది?

గౌతమిగట్టు

లెక్క తప్పు కాదండి, గడియారం ఆలస్యంగా ఆగింది. రాయి పైకి లేచి చల్లబడుతున్నప్పుడు కూడా రెండు ఖనిజాలూ ఇనుము, మెగ్నీషియం మార్చుకుంటూనే ఉంటాయి. మార్పిడి ఆగిన వేడిని ఆ లెక్క చూపిస్తుంది, గరిష్ఠ వేడిని కాదు. అంచుల్లో కొలిచిన గింజలు మరీ తక్కువ చెబుతాయి. గార్నెట్ పెద్దదిగా ఉండి, బయోటైట్‌కి దూరంగా, క్వార్ట్జ్ మధ్యలో చిక్కుకున్న గింజ నడుమ కొలవండి. పెద్ద గార్నెట్‌లో కూడా 700 డిగ్రీల పైన నడుమకీ అంచుకీ ఉన్న తేడా చెదిరిపోతుంది కాబట్టి ఒక్క లెక్క మీదే ఆధారపడకండి. హైపర్‌స్తీన్‌లో అల్యూమినా ఎంత ఉందో చూస్తే అది నెమ్మదిగా కదిలే మూలకం కనక ఎక్కువ వేడిని నిలుపుకుని ఉంటుంది. ఖనిజాల జోడీ కూడా చూడండి. సాఫిరిన్ క్వార్ట్జ్‌తో తాకి ఉంటే ఆ ఒక్కటే 900 పైన వేడికి చాలినంత సాక్ష్యం. వయసుకి మోనజైట్‌ని వాడాలి, అదీ గార్నెట్ లోపల చిక్కుకున్నది ఒకటి, బయట ఉన్నది ఒకటి విడివిడిగా.

పాపికొండరాయి

దానికి ముందు కొండ మీద ఏరేటప్పుడే జాగ్రత్త పడాలి. తుప్పు చారలున్న గార్నెట్, తెల్లసుద్ద ఎక్కిన ఫెల్డ్‌స్పార్ ఉన్న ముక్కలు ప్రోబ్‌కి (ఖనిజంలోని మూలకాలు కొలిచే యంత్రానికి) పనికిరావు. రోడ్డు కోతలో కనీసం అరచేయంత తాజా రాయి దొరికే చోట సుత్తి వేయండి, ముక్క మీద పై దిక్కునీ పట్టీల వాలునీ పెయింటుతో గుర్తు పెట్టి కోతకి పంపండి. పట్టీలకి అడ్డంగా ఒక సెక్షన్, పొడవుగా ఒకటి తీస్తే సిలిమనైట్ సూదులు ఏ దిక్కున సాగాయో తెలుస్తుంది. పొడవుగా ఒక్కటే తీస్తే సూదుల తలలు కనిపించవు. అడ్డకోతలో ఆ తలలు చిన్న చతురస్రాల్లా, మధ్యలో మూలకి మూలకి ఒకే చీలిక గీతతో కనిపిస్తాయి. సిలిమనైట్‌ని పట్టుకోవడానికి ఆ గీతే అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు.